పబ్ మేడ మీద బస: పరాయి ఊళ్లో అతిథిగా మెలగడం

బ్రిటన్‌లోని పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ కింద పానశాల, భోజనశాల నడుస్తూ, వాటి పై అంతస్తులో ప్రయాణికులకు అద్దెకిచ్చే గదులు నాలుగైదు మొదలుకొని పదీ పదిహేను దాకా ఉండే పాతకాలపు కట్టడాలు ఇప్పటికీ విరివిగా కనిపిస్తాయి. పాత వాడుకలో 'ఇన్' అన్నా, ఇప్పటి వాడుకలో 'గదులున్న పబ్' అన్నా తిండి, పానీయం, పడక మూడూ ఒకే కప్పు కింద డబ్బుకు దొరికే చోటనే అర్థం. పుణ్యానికి నీడనిచ్చే సత్రం కంటే, రొక్కం పుచ్చుకుని భోజనమూ పడకా అమర్చిన తెలుగునాటి పూటకూళ్ల ఇల్లే దీనికి దగ్గరి పోలిక. అయితే పూటకూళ్ల ఇల్లు ప్రధానంగా పొరుగూరివారి కోసం నడిచేది. పబ్ మాత్రం ముందు ఆ ఊరివారిది, ఆ తరువాతే ప్రయాణికులది. మేడ మీద గది తీసుకున్నవారు తెలుసుకోవలసిన సంగతులలో చాలా భాగం ఈ ఒక్క తేడా నుంచే పుట్టుకొస్తాయి.

పెద్ద హోటల్లో దిగినవారు ఎవరినీ పలకరించకుండానే లిఫ్టెక్కి గదికి చేరి, మర్నాడు అలాగే దిగి వెళ్లిపోవచ్చు. పబ్‌లో దిగినవారికి అది కుదరదు. తాళం చెవి తీసుకోవాలన్నా, భోజనం చెప్పాలన్నా, పొద్దుటి ఫలహారం వేళ కనుక్కోవాలన్నా ఊరి జనం కబుర్లాడుకుంటున్న గదిలోంచి నడిచి వెళ్లి, కౌంటర్ దగ్గర నిలబడి, ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడి తీరాలి. బిడియస్తులకు ఇది పెద్ద పరీక్షగా తోస్తుంది. కొత్తచోట తొణకకుండా మెలగడం పుట్టుకతో వచ్చిన చొరవ ఉన్నవారికే సాధ్యమన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది గాని, పరిశీలించి చూస్తే ఆ తడబాటులో స్వభావం పాలు తక్కువ, అక్కడి ఆనవాయితీలు తెలియకపోవడం పాలు ఎక్కువ. ఎక్కడ నిలబడాలో, ఎవరిని ఏమడగాలో, ఏది అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరో ముందే తెలిసిన మనిషి, ఎంత మితభాషి అయినా, ఆ గదిలో నిబ్బరంగా ఉండగలడు. ఈ అధ్యాయం ఆ ఆనవాయితీలను, వాటి వెనుక ఉన్న కారణాలతో సహా, వివరిస్తుంది. కారణం తెలిసిన ఆనవాయితీని గుర్తుంచుకోవడం సులువు.

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో మూడు రకాల అంగళ్లు ఉండేవి. ఇంట్లో కాచిన ఏల్ అనే బార్లీ పానీయాన్ని అమ్మేది ఏల్‌హౌస్, ద్రాక్షసారా అమ్మేది టావెర్న్, మనుషులకు పడకనూ గుర్రాలకు కొట్టాన్నీ కూడా ఇచ్చేది ఇన్. 1784లో జాన్ పామర్ చొరవతో బ్రిస్టల్, లండన్ నగరాల మధ్య తపాలా గుర్రపుబండ్లు మొదలయ్యాక, దారి పొడుగునా సుమారు పది మైళ్లకొకసారి గుర్రాలను మార్చవలసి రావడంతో రహదారి ఇన్‌లకు గిరాకీ బాగా పెరిగింది. గుర్రపుబండి లోపలికి వెళ్లడానికి వీలుగా ఎత్తుగా కట్టిన కమాను, దాని వెనుక పెరటి వాకిలి, వాకిలి చుట్టూ వసారాల మీదుగా గదుల్లోకి ద్వారాలు ఆ కాలపు ఇన్‌ల నిర్మాణ పద్ధతి. లండన్‌లోని సౌత్‌వార్క్‌లో 1676 నాటి అగ్నిప్రమాదం తరువాత తిరిగి కట్టిన జార్జ్ ఇన్ ఆ నగరంలో మిగిలిన చివరి వసారాల ఇన్. అది ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ ఆస్తి, తినడానికీ తాగడానికీ తప్ప అక్కడ బస లేదు. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చి గుర్రపుబండ్లను మాన్పించాక అనేక ఇన్‌లు పడక వ్యాపారాన్ని వదులుకుని కేవలం పబ్‌లుగా మిగిలాయి. కారులో వచ్చే నేటి అతిథి ఆ పాత కమాను కిందుగానే వెళ్లి, ఒకనాటి గుర్రపుశాల వాకిట్లో కారు నిలుపుతాడు. గుర్రపుశాలనే గదులుగా మార్చిన చోట్లూ కొల్లలు.

ఈ చరిత్రలో నేటి ప్రయాణికులకు అన్నిటికన్నా విలువైనది న్యాయపరమైన ఒక సూత్రం. ఖర్చు పెట్టుకోగల స్థితిలో, సభ్యంగా వచ్చిన బాటసారికి, గది ఖాళీ ఉండగా సరైన కారణం లేకుండా బస నిరాకరించే అధికారం ఇన్ యజమానికి లేదని ఇంగ్లండ్ సంప్రదాయ న్యాయం ఏనాడో నిర్ణయించింది. వెస్టిండీస్ క్రికెట్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్ 1943లో లార్డ్స్ మైదానంలో మ్యాచ్ ఆడడానికి భార్యతో, కుమార్తెతో లండన్ వచ్చినప్పుడు, ముందే గదులు ఖరారు చేసుకున్న ఇంపీరియల్ హోటల్‌వారు ఆయన చర్మపు రంగు కారణంగా అక్కడ ఉండనివ్వలేదు. ఆయన దావా వేయగా 1944లో న్యాయమూర్తి బర్కెట్ ఈ పాత సూత్రం మీదనే ఆధారపడి ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పి, ఐదు గినీల నామమాత్రపు పరిహారం ఇప్పించారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత కూడా అనేక పబ్‌లలో నల్లజాతివారికీ భారతీయులకూ ప్రవేశం నిరాకరించే దురాచారం కొనసాగింది. పబ్‌ల వంటి బహిరంగ స్థలాల్లో అటువంటి వివక్షను నిషేధించిన మొదటి చట్టం 1965లో వచ్చింది, ఇప్పుడు 2010 నాటి సమానత్వ చట్టం అమల్లో ఉంది. తెలుగు కుటుంబం ఒక ఇంగ్లిష్ పల్లెలో పబ్ తలుపు తోసి లోపలికి వెళ్లేటప్పుడు ఈ సంగతి మనసులో ఉండడం మంచిది. ఆ గుమ్మం దాటడం యజమాని దయ మీద ఆధారపడిన విషయం కాదు, ఎందరో పోరాడి నిలబెట్టుకున్న హక్కు.

మద్యం ముట్టని తెలుగువారు పబ్‌లో బస అనగానే వెనుకంజ వేయడానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. హైదరాబాద్‌లో పబ్ అంటే చీకటి, చెవులు చిల్లులు పడే సంగీతం, తాగడానికి 21 ఏళ్లు నిండాలన్న నిబంధన గుర్తుకొస్తాయి. బ్రిటిష్ పల్లె పబ్ వేరు. బీహార్‌లోని మోతీహారిలో పుట్టిన రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో ఒక పత్రికా వ్యాసంలో తన ఆదర్శ పబ్‌ను ఊహించి వర్ణించినప్పుడు, మాటలు వినపడేంత నిశ్శబ్దం, వచ్చేవారి పేర్లు తెలిసిన పరిచారికలు, పిల్లలతో సహా కుటుంబం కూర్చోగల తోట ఆయన ప్రధానంగా కోరుకున్నవి. అన్ని పబ్‌లూ అలా ఉండవు గాని, బామ్మలు, పసిపిల్లలు, కుక్కలు, పొలం పని ముగించుకొచ్చిన రైతులు ఒకే గదిలో కూర్చుని ఉండడం పల్లె పబ్‌లలో మామూలు దృశ్యం. టీ, కాఫీ దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. నిమ్మరసం కలిపిన సోడా అడిగితే ఎవరూ వింతగా చూడరు. జాగ్రత్త పడవలసినది పేర్ల విషయంలోనే. సైడర్ అంటే అక్కడ ఆపిల్ రసం కాదు, బీరుతో సమానంగా మత్తునిచ్చే పానీయం. షాండీ అన్నది బీరులో లెమనేడ్ కలిపినది. జింజర్ బీర్ చాలావరకు మద్యం లేనిదే అయినా, మద్యం ఉన్న రకాలు కూడా అదే పేరుతో వస్తాయి కనుక అడిగి తీసుకోవాలి.

గదిని ఎంచుకునే దశలోనే సగం సౌఖ్యం ఖాయమవుతుంది, లేదా చేజారుతుంది. ఈ భవనాలలో చాలా వాటిని ప్రభుత్వం చారిత్రక కట్టడాలుగా జాబితాలో చేర్చింది. 1990 నాటి చట్టం ప్రకారం అటువంటి కట్టడంలో ప్రత్యేక అనుమతి లేనిదే కిటికీ మార్చడానికి వీల్లేదు, గోడ పడగొట్టడానికి వీల్లేదు. లిఫ్టు లేకపోవడం, మెట్లు ఇరుకుగా నిటారుగా ఉండడం, దూలాలు తలకు తగిలేంత కిందికి ఉండడం, నేల ఒకవైపు వాలి ఉండడం, కిటికీకి ఒంటి అద్దమే ఉండడం వంటివి యజమాని పిసినారితనం వల్ల వచ్చినవని అనుకోవడం తరచుగా పొరపాటు. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను పిల్లల స్నాతకోత్సవానికి తీసుకువెళ్లేవారు, ఇరవై మూడేసి కిలోల పెట్టెలతో ప్రయాణించేవారు కింది అంతస్తులో గానీ పెరటి గుర్రపుశాలలో గానీ గది ఉందా అని ముందే అడగాలి. గది నేల చెక్క పలకలది, దాని కిందే బార్. కాబట్టి పాటల కచేరీ, క్విజ్ పోటీ ఏ రోజుల్లో ఉంటాయో, ఏ గది బార్‌కు సరిగ్గా మీద లేదో అడగడం అమర్యాద కాదు. ఇవన్నీ ఫోన్ చేసి అడగడమే మేలు. బుకింగ్ యాప్‌లో బొమ్మ కనిపిస్తుంది గాని, ఏ గది కింద డ్రమ్ములు మోగుతాయో ఆ ఇల్లు నడిపే మనిషే చెప్పగలడు.

అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న వంటగది వేళల గురించి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయుధ కర్మాగారాల కార్మికులు తాగి పని చెడగొడతారన్న భయంతో ప్రభుత్వం మధ్యాహ్నం పూట పబ్‌లను మూయించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ నిబంధన 1988 దాకా పోలేదు. చట్టం మారినా వంటవాళ్ల దినచర్య మాత్రం చాలాచోట్ల ఆ పాత గడియారాన్నే అనుసరిస్తోంది: మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా, మళ్లీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పొయ్యి వెలుగుతుంది, నడిమి వేళల్లో ఆరిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం కాల్చిన మాంసంతో కూడిన పెద్ద భోజనం పెట్టి, రాత్రికి వంటగది మూసేసేవారు, సోమవారం పూర్తిగా సెలవు తీసుకునేవారు అనేకులు. రాత్రి ఎనిమిదిన్నర తరువాత భోంచేసే అలవాటున్న తెలుగు కుటుంబం దారిలో ఆలస్యమై తొమ్మిదింబావుకు చేరితే, కింద నలభై మంది నవ్వుతూ కూర్చుని ఉన్నా తినడానికి చిప్స్ పొట్లం తప్ప దొరకకపోవచ్చు; చుట్టుపక్కల పది మైళ్లలో మరో అంగడి ఉండకపోవచ్చు కూడా. బయలుదేరేటప్పుడే భోజనపు బల్ల కేటాయించమని చెప్పడం, ఆలస్యమైతే ఫోన్ చేయడం తప్పనిసరి అలవాట్లుగా పెట్టుకోవాలి.

చేరగానే రిసెప్షన్ బల్ల కోసం వెతకడం వృథా. బార్ కౌంటరే అన్నిటికీ కేంద్రం. అక్కడ బీరు పోస్తున్న వ్యక్తే రిజిస్టరు తీసి పేరు రాసుకుంటాడు, తాళం చెవి ఇస్తాడు, మేడ మెట్లు చూపిస్తాడు. 1972 నాటి ఒక ఉత్తర్వు ప్రకారం పదహారేళ్లు నిండిన ప్రతి అతిథి పూర్తి పేరు, జాతీయత నమోదు చేయించాలి. పాస్‌పోర్టు సంఖ్య, తరువాత వెళ్లబోయే చోటు చెప్పవలసిన బాధ్యత బ్రిటిష్, ఐరిష్, కామన్‌వెల్త్ పౌరులు కానివారికే ఉంది. భారత్ కామన్‌వెల్త్ సభ్యదేశం కనుక మొదటి రెండు వివరాలతో చట్టం తృప్తి పడుతుంది, అయినా గుర్తింపు కోసం పాస్‌పోర్టు చూపమంటే చూపడం ఇరుపక్షాలకూ సుఖం. బార్ మూసిన తరువాత ముందు తలుపుకు గడియ పడుతుంది, పక్క తలుపు తాళమో దాని సంకేత సంఖ్యో అతిథికి ఇస్తారు; రాత్రంతా మేలుకుని ఉండే సిబ్బంది ఎవరూ ఉండరు. అవసరమైతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఏ తలుపు గుండా రావాలో బార్ తెరిచి ఉండగానే రాసి పెట్టుకోవాలి.

గుమ్మం దగ్గరో కౌంటర్ పక్కనో అతిథుల సామాను గురించి చిన్న అక్షరాల నోటీసు ఒకటి వేలాడుతుంటుంది. 1956 నాటి హోటల్ యజమానుల చట్టం ప్రకారం గదిలో పోయిన వస్తువుకు యజమాని బాధ్యత ఒక్కో వస్తువుకు 50 పౌండ్లు, మొత్తానికి 100 పౌండ్లతో ఆగిపోతుంది. తప్పు యజమానిదైతేనో, భద్రపరచమని ఆయన చేతికే అప్పగించి ఉంటేనో ఆ పరిమితి వర్తించదు. 1956లో నిర్ణయించిన ఆ మొత్తాలు ఈనాటి బంగారం ధర ముందు ఏపాటివో చెప్పనక్కర్లేదు. పెళ్లిళ్లకో గృహప్రవేశానికో నగలు వెంట తెచ్చుకున్నవారు వాటిని గదిలో వదిలి కొండలు చూడడానికి వెళ్లకూడదు.

గది చిన్నదే అయినా అందులో ఒక పళ్లెం, దానిమీద విద్యుత్ కెటిల్, రెండు కప్పులు, టీ సంచులు, చిన్న డబ్బీల్లో పాలు, తరచుగా రెండు బిస్కెట్లు ఉంటాయి. స్నానాల గదిలో బకెట్టూ చెంబూ ఉండవు, నేల మీద నీళ్లు పోవడానికి తూము ఉండదు. ఈ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగాలి. తెలుగు ఇళ్లలో స్నానాల గది నేల తడవడం సహజం; అక్కడ తొట్టెలోనో గాజు తలుపున్న షవర్ గదిలోనో తప్ప నీళ్లు పడకూడదు. తెర తొట్టె బయట వేలాడుతుండగా షవర్ తిప్పితే నీళ్లు చెక్కనేల సందుల్లోంచి దిగి, కింది బార్‌లో సున్నపు పైకప్పు మీద మరకగా తేలి, ఎవరో ఒకరి పళ్లెంలో బొట్లుగా పడతాయి. తెర అంచును తొట్టె లోపలికి వేసుకుంటే ఆ ప్రమాదం ఉండదు. కొన్ని పాత చోట్ల వేడినీళ్లకూ చన్నీళ్లకూ వేర్వేరు కుళాయిలు ఉంటాయి కనుక చెయ్యి పెట్టేముందు చూసుకోవాలి. స్నానాల గదిలో గడ్డం గీసుకునే యంత్రానికి తప్ప ప్లగ్గు ఉండదు. మిగిలిన ప్లగ్గులు మూడు చదరపు కడ్డీలవి, భారతదేశపు గుండ్రటి కడ్డీలు వాటిలో పట్టవు.

దీనికి తోడు రెండు నిషేధాలను మనస్ఫూర్తిగా పాటించాలి. వెంట తెచ్చుకున్న రైస్ కుక్కర్‌ను గదిలో పెట్టకూడదు, అగరొత్తులు, దీపం వెలిగించకూడదు. వందల ఏళ్ల నాటి కలప దూలాలు, చెక్కనేల, ఒకే ఒక మెట్లదారి ఉన్న భవనంలో నిప్పు ఎంత భయంకరమో ఊహించడం కష్టం కాదు. పొగను పసిగట్టే యంత్రం మోగితే మేడ మీద ఉన్నవారితో పాటు కింద భోజనాల్లో ఉన్నవారందరూ చలిలో వీధిలోకి వెళ్లి నిలబడాలి. తలుపు వెనుక అంటించిన నిప్పు ప్రమాద సూచనల కాగితాన్ని గదిలో అడుగుపెట్టగానే చదవడం, వెనుక మెట్లు ఎటున్నాయో ఒకసారి నడిచి చూడడం రెండు నిమిషాల పని.

భోజనపు జాబితా తెలుగు పాఠకులకు మరింత వివరంగా తెలియాలి, ఎందుకంటే అక్కడి వంటకాల పేర్లలో లోపలి పదార్థం కనిపించదు. షెపర్డ్స్ పై అంటే గొర్రె ఖైమా మీద ఆలుగడ్డ ముద్ద పరిచి కాల్చినది. చూడడానికి అచ్చం అలాగే ఉండే కాటేజ్ పై మాత్రం గొడ్డుమాంసంతో చేసినది. టోడ్ ఇన్ ద హోల్‌లో పిండిలో కూర్చి కాల్చిన సాసేజీలు ఉంటాయి, అవి తరచుగా పంది మాంసానివి. వెల్ష్ రేర్‌బిట్ రొట్టె మీద కరిగించిన చీజ్. అది మాంసం లేనిదే గాని, అందులో కలిపే వూస్టర్ సాస్‌లో ఆంకోవీ అనే చేపలు ఉంటాయి, బీరు కూడా కలుపుతారు. ఆదివారపు భోజనంలో పొంగిన గిన్నెలా కనిపించే యార్క్‌షైర్ పుడింగ్‌ను సంప్రదాయంగా గొడ్డుకొవ్వులో కాల్చేవారు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆలుగడ్డ చిప్స్‌ను ఇప్పటికీ ఆ కొవ్వులో వేయించే చోట్లున్నాయి. పొద్దుటి ఫలహారంలో నల్లని బిళ్లలుగా వచ్చే బ్లాక్ పుడింగ్ పంది రక్తంతో చేసినది. శాకాహారులకు గుర్తులు వేసే ఆచారం ఇప్పుడు సర్వత్రా ఉన్నా, వేయించిన నూనె గురించి, గ్రేవీ గురించి విడిగా అడగడం అవసరం. గుడ్లు, పాలు, వేరుశనగలు, నువ్వులు వంటి 14 రకాల ఎలర్జీ పదార్థాల గురించి అడిగినప్పుడు చెప్పడం అక్కడి భోజనశాలల చట్టబద్ధమైన విధి. కాబట్టి అడిగినవారిని చాదస్తులుగా ఎవరూ చూడరు. ఏ పదార్థం తినరో స్పష్టంగా, క్షమాపణలు చెప్పుకోకుండా, వంట మొదలుకాకముందే చెప్పడం అతిథి వైపు నుంచి జరగవలసిన న్యాయం.

బీరు తాగేవారు కూడా ఒక విషయం గమనించాలి. కౌంటర్ మీద నిటారుగా నిలిచిన పొడుగాటి పిడిని పరిచారిక తనవైపు నెమ్మదిగా వంచి లాగుతున్నప్పుడు కింది నేలమాళిగలోని పీపా నుంచి పైకి వచ్చేది కాస్క్ ఏల్. అందులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, పులియడం పీపాలోనే ముగుస్తుంది, సుమారు 11 నుంచి 13 డిగ్రీల చల్లదనంలోనే దానిని పోస్తారు. మంచులా చల్లగా లేదని తిప్పి పంపడం తెలియనితనమవుతుంది. 1971లో మొదలైన కామ్రా అనే వినియోగదారుల సంఘం పోరాడి ఉండకపోతే ఈ పానీయం కనుమరుగై ఉండేది. దీన్ని తేర్చడానికి చేపల గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ అనే పదార్థాన్ని కలపడం పాత పద్ధతి. అది వాడని రకాలు ఇప్పుడు దొరుకుతున్నందువల్ల శాకాహారులు అడిగి తెలుసుకోవచ్చు. ఒక పింటు అంటే 568 మిల్లీలీటర్లు. అరపింటు అడగడంలో నామోషీ ఏమీ లేదు, కొనేముందు ఒక గుక్క రుచి చూపమన్నా చాలాచోట్ల సంతోషంగా పోస్తారు.

ఇక కౌంటర్ దగ్గరి మర్యాద, ఈ అధ్యాయానికి గుండెకాయ. పబ్‌లో బల్ల దగ్గరికి వచ్చి అడిగేవారు ఉండరు. కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగి, డబ్బు చెల్లించి, పానీయం తామే తెచ్చుకోవాలి. అక్కడ వరుస కట్టి నిలబడినట్టు కనిపించదు, అయినా వరుస ఉంటుంది. పబ్‌ల మర్యాద మీద 1996లో ఒక చిన్న పుస్తకం వెలువరించిన మానవశాస్త్రవేత్త కేట్ ఫాక్స్ దానిని కంటికి కనపడని వరుసగా వర్ణించారు: ఎవరు ముందు వచ్చారో నిలబడినవారికీ తెలుసు, పోసేవారికీ తెలుసు. చిటిక వేయడం, కేక వేయడం, నోటు ఊపడం అక్కడ మోటుతనం. కౌంటర్‌కు దగ్గరగా నిలబడి పోసేవారి చూపు తనమీద పడేదాకా ఆగడం, తనకంటే ముందు వచ్చినవారు ఉండగా తనను అడిగితే వారిని చూపించడం మన్నన తెచ్చే పనులు. ఈ రెండో పని ఒక్కసారి చేసినవారికి పక్కనున్నవారి నుంచి చిరునవ్వు దక్కుతుంది. సంభాషణ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

కేట్ ఫాక్స్ పరిశీలనలో మరో మేలైన అంశం ఉంది. అపరిచితులతో మాట కలపడానికి ఇంగ్లిష్‌వారు సాధారణంగా ఇష్టపడరు, కాని బార్ కౌంటర్ ఆ నియమానికి మినహాయింపు. కౌంటర్ దగ్గర నిలబడినవారు మాటకు సిద్ధంగా ఉన్నట్టు లెక్క. గోడవార బల్లల దగ్గర కూర్చున్నవారిని కదపకూడదు. కాబట్టి మాట కావలసినవారు కౌంటర్ వద్ద, ఏకాంతం కావలసినవారు మూల బల్ల వద్ద కూర్చుంటే, నోరు విప్పకుండానే తమ అభిప్రాయం చెప్పినట్టవుతుంది. వాతావరణం, రేపు నడవబోయే దారి, కుక్క పేరు, క్రికెట్ ఇవన్నీ తొలి మాటలకు పనికివస్తాయి. జీతం, మతం, పెళ్లి గురించిన ప్రశ్నలు, తెలుగునాట పరిచయానికి సహజమైనవే అయినా, అక్కడ ఆపుకోవాలి. పేర్లు మార్చుకోవడం సంభాషణ చివర్లో జరుగుతుంది, మొదట్లో కాదు. కలిసి తాగుతున్నవారిలో ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొనే పద్ధతిని 'రౌండ్' అంటారు. ఒకరు కొన్నది పుచ్చుకుని తన వంతు రాకముందే లేచి వెళ్లడాన్ని వారు తీవ్రంగా తీసుకుంటారు. మద్యం తాగనివారు కూడా ఆ వంతులో చేరవచ్చు, తమకు సోడా తీసుకుని మిగిలినవారి పానీయాలకు చెల్లించవచ్చు; మద్యానికి డబ్బు ఇవ్వడం నచ్చనివారు మొదటే సౌమ్యంగా తప్పుకుని తమ పానీయం తామే కొనుక్కుంటే ఎవరూ నొచ్చుకోరు. కౌంటర్ వద్ద బక్షీసు ఇచ్చే ఆనవాయితీ లేదు. బాగా చూసుకున్న పరిచారికతో ఆమెకు కూడా ఒక పానీయం లెక్కలో వేసుకోమని చెప్పడం అక్కడి మర్యాద.

ముగింపు వేళ దగ్గరపడగానే గంట మోగుతుంది. అది ఆఖరి కొనుగోళ్లకు పిలుపు. పూర్వం ఆ వేళ రాత్రి పదకొండు, 2005 నవంబరు తరువాత ఒక్కో పబ్ తన లైసెన్సును బట్టి నిర్ణయించుకుంటోంది. పిల్లలను రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో బార్ నుంచి పంపించే నియమం చాలాచోట్ల ఉంది కాబట్టి వారి భోజనం ముందుగా ముగించాలి.

ఈ ఇళ్ల అసలు విలువ కొండదారుల్లో తెలుస్తుంది. 1965లో ప్రారంభమైన 268 మైళ్ల పెన్నైన్ వే కాలిబాట ఈడేల్ గ్రామంలోని ఓల్డ్ నాగ్స్ హెడ్ పబ్ దగ్గర మొదలై, స్కాట్లాండ్ సరిహద్దు దాటి కర్క్ యెథోమ్‌లోని బోర్డర్ హోటల్ దగ్గర ముగుస్తుంది. బాట మొత్తం నడిచి వచ్చినవారికి అక్కడ తన ఖర్చుతో బీరు ఇప్పించే ఏర్పాటును నడకదారుల గ్రంథకర్త ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ చేశారు. అదే బాట మీద 528 మీటర్ల ఎత్తున, బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన పబ్ టాన్ హిల్ ఇన్ ఉంది. 2021 నవంబరు చివర్లో ఆర్వెన్ తుఫాను మంచు కురిపించి దారులు మూసేయడంతో, పాటల కచేరీ వినడానికి వచ్చిన అరవై మందికి పైగా జనం, పాటగాళ్లతో సహా, మూడు రాత్రులు అందులోనే ఉండిపోయారు. గదులు చాలక నేలమీద పరుపులు వేసుకున్నారు, కలిసి తిన్నారు, క్విజ్‌లు ఆడారు, పాడుకున్నారు. వెళ్లేటప్పుడు మళ్లీ కలుసుకుందామని మాట ఇచ్చుకున్నవారున్నారు. వేల్స్‌లోని స్నోడన్ పర్వత పాదంలో ఉన్న పెన్-ఇ-గ్వ్రిడ్‌లో 1953 ఎవరెస్టు బృందం సాధన కాలంలో బస చేసింది. హిల్లరీ, టెన్జింగ్ నార్గేల సంతకాలు అక్కడి పైకప్పు మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

వెళ్లే ఉదయం మర్యాద స్వల్పమే. ఫలహారం చాలాచోట్ల ఎనిమిదికి ముందు దొరకదు కనుక తెల్లవారుజామునే బయలుదేరేవారు ముందురోజే చెప్పి పొట్లం కట్టించుకోవచ్చు. బురద బూట్లు గుమ్మం దగ్గరే వదలాలి. రాత్రి ఖాతాలో రాయించినవన్నీ చూసుకుని చెల్లించాలి. ధరల్లో 20 శాతం పన్ను కలిసే ఉంటుంది, విడిగా ఇవ్వనక్కర్లేదు. తాళం చెవి కౌంటర్ మీద పెట్టి మనిషికి చెప్పి వెళ్లాలి.

అర్ధరాత్రి విమానం దిగి వచ్చేవారికి, మెట్లెక్కలేనివారికి, చీమ చిటుక్కుమన్నా నిద్రపట్టనివారికి ఈ బస తగదు. వారు హోటలే చూసుకోవాలి. మిగిలినవారు, ముఖ్యంగా బ్రిటన్‌లో చదువుకుంటూ, ఉద్యోగాలు చేస్తూ ఆ దేశపు పల్లెలను కారు కిటికీలోంచి మాత్రమే చూసిన తెలుగు యువత, ఒక్కసారైనా ఇటువంటి ఇంట్లో దిగాలి. దిగేటప్పుడు ఒక రాత్రికి కాక రెండు రాత్రులకు గది తీసుకుని, రెండు పూటలా భోజనం కిందే చేయాలి; రెండో సాయంత్రం కౌంటర్ వెనుక ఉన్న మనిషి నిన్నటి పానీయమేనా అని తానే అడుగుతాడు.